బాయిలరు లోపలికి పోయిన వాళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు "పాత రోజుల సంగతి ఏదైనా రాయండి" అని కార్యదర్శి గారు రెండుసార్లు ఫోన్ చేశారు. పాత రోజులంటే మనలో చాలామంది పే రివిజన్ పోరాటాలో, 1999లో బోర్డు విడిపోయిన వైనమో రాస్తారు. అవి నాకన్నా బాగా రాయగలవారు ఉన్నారు. నేను 1972లో జూనియర్ ఇంజనీరుగా చేరి 2006లో డి.ఇ.గా రిటైరయ్యేదాకా, మధ్యలో మూడేళ్ళు తప్ప, బాయిలరు మెయింటెనెన్సులోనే ఉన్నాను. కనుక నాకు తెలిసింది బాయిలరు, అందులోనూ దాని లోపలి భాగం. నడుస్తున్నప్పుడు అందులో నిప్పు ఉంటుంది, ఆగినప్పుడు మనిషి ఉంటాడు. నిప్పు గురించి పుస్తకాలు చాలా ఉన్నాయి. ఆ మనిషి గురించి నాలుగు మాటలు రాద్దామని ఈ ప్రయత్నం.

దీనికి ఒక కారణం కలిసి వచ్చింది. 2024 ఆగస్టులో, నేను పనిచేసిన స్టేషనులో ఇప్పుడు ఎస్.ఇ.గా ఉన్న ఒకాయన ఫోన్ చేశాడు. 1996లో నా దగ్గర ట్రైనీగా చేరిన కుర్రాడు. కుర్రాడంటున్నాను గాని ఆయనకూ జుట్టు నెరిసింది. "సార్, ఓవర్‌హాలింగ్ మొదలైంది. ఈసారి ఫర్నేసులోకి ముందు డ్రోన్‌ను పంపిస్తున్నాం. మీరొకసారి వచ్చి చూడాలి" అన్నాడు. మోకాళ్ళ నొప్పులని తప్పించుకోబోయాను. "మెట్లు ఎక్కనక్కర్లేదు సార్, లిఫ్టు పనిచేస్తోంది" అన్నాడు. బాయిలరు లిఫ్టు పనిచేయడం నా సర్వీసులో అరుదుగా చూసిన వింత, అందుకని బయలుదేరాను. స్టేషను పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయలేదో చదివితే మీకే తెలుస్తుంది.

కొత్త వస్తువు దగ్గరికి వెళ్ళేముందు పాత కథ కొంత చెప్పుకోవాలి. మన దేశంలో బాయిలర్ల తనిఖీకి చట్టం ఒక ప్రమాదం వల్ల వచ్చింది. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి పలువురు చనిపోయారు. మరుసటి ఏడు, 1864లో, బెంగాల్లో మొదటి చట్టం చేశారు. తర్వాత ఒక్కొక్క ప్రావిన్సు తనకు తోచినట్టు ఒక్కొక్క చట్టం చేసుకుంది. ఆ గందరగోళం తీర్చడానికి 1923లో ఇండియన్ బాయిలర్స్ యాక్టు, 1950లో మనందరికీ కంఠతా వచ్చిన ఐ.బి.ఆర్. వచ్చాయి. 1923 నాటి చట్టం నూరేళ్ళు దాటి బతికి, 2025లో కొత్త చట్టానికి చోటిచ్చింది. ఇన్‌స్పెక్టరు గారు వచ్చేసరికి బాయిలరును చల్లార్చి, శుభ్రపరచి, తనిఖీకి సిద్ధంగా ఉంచడం యజమాని బాధ్యత అని ఆ పాత చట్టం చెప్పింది. ఆ 'సిద్ధంగా' అన్న ఒక్క మాట వెనక ఎంత పని ఉందో, ఎందరు ఎన్ని రోజులు బూడిదలో దొర్లితే ఆ మాట నిజమవుతుందో మనకు తెలుసు.

బాయిలరు డ్రమ్ము మ్యాన్‌హోల్ కొలత మనలో చాలామంది నడుములకు ఇప్పటికీ గుర్తే. పొడవు సుమారు పదహారు అంగుళాలు, వెడల్పు పన్నెండు. కోడిగుడ్డులా కోలగా ఎందుకుంటుందని కొత్తగా చేరిన ప్రతి ఇంజనీరునూ అడగడం నాకొక సరదా. కంత గుండ్రంగా ఉంటే, దానికన్నా పెద్దదైన మూత లోపలికి పట్టదు. కోలగా ఉంటే మూతను పక్కకు తిప్పి లోపలికి పంపి, లోపలివైపు నుంచి కంతకు ఆనించి బిగించవచ్చు. బాయిలరు నడుస్తున్నప్పుడు చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పైచిలుకు ఒత్తిడి ఆ మూతను మరింత గట్టిగా నొక్కి పెడుతుంది. ఆ కంతలోంచి దూరడానికి ఒక పద్ధతి ఉంది. ఒక చెయ్యి ముందుకు చాపి, రెండోది ఒంటికి ఆనించి, ఊపిరి వదిలి జారాలి. ఊపిరి పీల్చితే ఇరుక్కుంటారు. ఒక పెద్ద అధికారి తనిఖీ ఉత్సాహంలో ఊపిరి పీల్చి సగంలో ఆగిపోతే, ముందుకు లాగాలో వెనక్కి లాగాలో తేల్చుకోలేక మేము పావుగంట నిలబడ్డాం. ఆయన తర్వాత మాకు మంచి సి.ఆర్.లే రాశారు, అది వేరే విషయం.

ఫర్నేసు సంగతి వేరు. అది ఇరుకు కాదు, విశాలంగా ఉంటుంది. అదే దానిలోని మోసం. 210 మెగావాట్ల బాయిలరులో అడుగున నిలబడితే చుట్టూ ఒకవైపు పద్నాలుగు మీటర్లు, మరోవైపు పదిన్నర మీటర్లు గోడలంతా ట్యూబులే. తలెత్తితే పదిహేనంతస్తుల భవనమంత ఎత్తు, పైన చీకటి. మన బొగ్గులో నలభై శాతం దాకా బూడిదే. ఆ బూడిద కరిగి, పైన వేలాడే సూపర్‌హీటరు ప్లాటెన్ల మీద గడ్డకట్టి క్లింకరుగా వేలాడుతుంది. బాయిలరు చల్లారేకొద్దీ అది ట్యూబు నుంచి వదులవుతుంది. ఎప్పుడు ఏ ముక్క రాలుతుందో చెప్పలేం. అందుకని పరంజా కట్టాలి. మొదట్లో సరుగుడు కర్రలతో, తర్వాత ఇనుప గొట్టాలతో కట్టేవారు. పైదాకా పరంజా లేవడానికే మూడు నాలుగు రోజులు పట్టేది. మా రోజుల్లో ఎవరూ గట్టిగా అనని మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. పరంజా వేసేది పైన ఏముందో చూడటానికి. కాని పరంజాకు మొదటి గొట్టం నిలబెట్టే మనిషి పైన ఏముందో తెలియకుండానే దాని కింద నిలబడతాడు. ఆ మనిషి ఎప్పుడూ బోర్డు ఉద్యోగి కాడు, కాంట్రాక్టు కూలీ.

పరంజా లేచాక మేస్త్రీల రాజ్యం. ట్యూబు మీద అరచెయ్యి వేసి పైనుంచి కిందికి నిమిరితే, బూడిద ఒరిపిడికి అరిగిన చోట గుండ్రం పోయి పలక తేలినట్టు తగులుతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెడతారు. తర్వాత డి-మీటరుతో మందం కొలుస్తాం. మా మేస్త్రీ ఒకాయన కళ్ళు మూసుకుని నిమిరి "ఇది ఆర్నెల్లు ఆగదు సార్" అంటే, మీటరు కూడా దాదాపు అదే చెప్పేది. ఆయనకు రిటైరయ్యేనాటికి అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. పించను కాగితాల మీద వేలిముద్ర సరిగ్గా పడక మూడుసార్లు తిరిగాడు.

జలవిద్యుత్ మిత్రులు నా మీద కోప్పడకుండా వారి మాట కూడా చెప్పాలి. మాచ్‌ఖండ్, సీలేరు, నాగార్జునసాగర్ వంటి చోట్ల పెన్‌స్టాకులు ఖాళీ చేసి, తుప్పు పెచ్చులు రాలుతున్న వాలు మీద తాడు పట్టుకుని దిగినవారు మన సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రమైతే మొత్తం భూమి లోపలే. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడ నిప్పంటుకుని, పొగ నిండి, బయటపడే దారి దొరకక తొమ్మిది మంది మరణించారు. యూనిట్లను కాపాడదామని లోపల ఆగిపోయినవారు వారిలో ఉన్నారని మనమంతా విన్నాం. ఇక థర్మల్‌లో కండెన్సరు, గ్యాసు డక్టులు, ఇ.ఎస్.పి., బూడిద హాపర్లు, బొగ్గు బంకర్లు అన్నీ మనిషి దూరే కంతలే. ఒక్కొక్కటి ఒక్కొక్క రకంగా ప్రాణం తీస్తుంది. బంకరు గురించి తర్వాత చెబుతాను.

2025 దాకా అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 36వ సెక్షన్ ఉండేది. డిపార్టుమెంటు పరీక్షకు చదివిన వారికి గుర్తుండవచ్చు. విషవాయువు ఉండే అవకాశమున్న గదిలోకి, తొట్టిలోకి, గొట్టంలోకి మనిషిని పంపాలంటే రెండు దారులుండేవి. ఒకటి, తెలిసినవాడు లోపలి గాలిని పరీక్షించి ప్రమాదం లేదని రాతపూర్వకంగా సర్టిఫికెట్టు ఇవ్వాలి. లేదా, దిగేవాడు శ్వాస పరికరం తగిలించుకుని, నడుముకు బెల్టు కట్టుకోవాలి. ఆ బెల్టుకు కట్టిన తాడు రెండో కొస బయట ఉన్న మనిషి చేతిలో ఉండాలి. చేతి దీపం 24 వోల్టులు మించరాదన్న నియమం కూడా ఆ చట్టంలోదే. ఆ దీపాల ట్రాన్స్‌ఫార్మర్లు మనమంతా మోసినవే. ఈ సెక్షనులో నాకు ఎప్పటికీ మరపురానిది ఆ తాడు కొస. ఢిల్లీలో కూర్చుని చట్టం రాసినవారు బయట నిలబడే మనిషిని గుర్తుంచుకున్నారు. మేము గుర్తుంచుకోలేదు.

1986 ఏప్రిల్. ట్యూబు లీకై యూనిటు ఉన్నట్టుండి ఆగింది. అనుకుని ఆపిన షట్‌డౌన్ అయితే బంకర్లను ముందే ఖాళీ చేస్తాం. ఇది అలా కాదు కనుక బంకర్లలో బొగ్గు మిగిలిపోయింది. చాలా మటుకు కిందికి దించాం గాని, ఒక బంకరులో గోడలకు అంటుకున్న బొగ్గు అలాగే ఉంది. లోపలి పలకలు రెండు ఊడాయి, అవి వెల్డింగ్ చేయాలి. ఐదు రోజుల్లో యూనిటు లేపాలని పైనుంచి గంటకొక ఫోను. ఎండాకాలం, పల్లెల్లో మోటార్లు ఆగిపోతున్నాయి. అప్పుడు నేను ఎ.డి.ఇ.ని.

మా ఫోర్‌మన్ పెద్దాయన సింగరేణి గనుల వైపునుంచి వచ్చినవాడు. ఆయన దగ్గర గనుల్లో వాడే సేఫ్టీ లాంపు ఒకటి ఉండేది. 1815లో డేవీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన దీపానికి అది మనవడి మనవడు. గాలిలో ప్రాణవాయువు తగ్గితే దాని జ్వాల కుంచించుకుపోయి ఆరిపోతుంది. మాకు గ్యాసు మీటర్లు లేని కాలం అది. పెద్దాయన తాడు కట్టి దీపాన్ని బంకరులోకి దించాడు. ఐదు నిమిషాలు ఉంచాడు. జ్వాల నిటారుగా వెలిగింది. "సారూ, దీపం మంచిగుంది" అన్నాడు. నేను "అయితే దిగండి" అన్నాను.

ఆ దీపం చెప్పింది అబద్ధం కాదు. కాని మేము దాన్ని అడగవలసిన ప్రశ్న వేరు. గోడకు అంటుకున్న బొగ్గు రోజుల తరబడి నిలవ ఉంటే తనంతట తానే వేడెక్కి, పొగ కూడా కనబడకుండా లోలోపల రాజుకుంటుంది. అప్పుడు వచ్చేది కార్బన్ మోనాక్సైడు. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో వెయ్యింట ఒకటి రెండు వంతులున్నా చాలు, మనిషిని పడగొడుతుంది. అంత కొద్దిపాటికి దీపం జ్వాలలో ఏ మార్పూ కనబడదు. అంటే దీపం వెలుగుతూనే ఉంటుంది, మనిషి పడిపోతాడు. ఈ కారణంగానే బ్రిటన్‌లో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1890ల్లో గనుల్లోకి దీపంతోపాటు కానరీ పిట్టలను కూడా తీసుకుపొమ్మన్నాడు. పిట్ట మనిషికన్నా ముందు సోలిపోతుంది. ఆ పిట్టలను మానేసి ఎలక్ట్రానిక్ మీటర్లు పెట్టాలని అక్కడ నిర్ణయించింది కూడా 1986లోనే. ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి.

బోర్డు హెల్పరు ఒకాయన తాళ్ళ నిచ్చెన మీద దిగాడు. నడుముకు తాడు లేదు. తాడు స్టోర్సులో ఉంది, ఇండెంటు రాసి తేవాలి. 'పది నిమిషాల పని కదా' అన్నది నేనే. రెండు నిమిషాలకు "తల తిరుగుతోంది" అని ఒక మాట వినబడింది, తర్వాత ఏమీ లేదు. మ్యాన్‌హోల్ దగ్గర చేతి దీపం వైరు పట్టుకుని ఒక కాంట్రాక్టు కుర్రవాడు ఉన్నాడు. పక్క ఊరివాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. "అన్నా, అన్నా" అని రెండుసార్లు పిలిచి, నేను ఆపమనేలోపు వైరు వదిలేసి దిగిపోయాడు. అతని వెనక ఇంకొకడు కాలు పెట్టబోతే పెద్దాయన రెక్క పట్టి వెనక్కి లాగి, "ఇంకొక్కడు దిగితే నేను ఊరుకోను, మీ అందరి శవాలు నేను మొయ్యలేను" అని అరిచాడు. ఆ అరుపు వల్ల ఆ రోజు మరో ఇద్దరు బతికారని నా నమ్మకం. ఫైరు స్టేషను నుంచి శ్వాస పరికరాలు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. హెల్పరు ఫీడరు వైపు దొర్లి పడ్డాడు. అక్కడ కింది గేటు సందులోంచి కాస్త బయటి గాలి వస్తూ ఉండటంతో బతికాడు. కుర్రవాడు అంత దూరం వెళ్ళలేకపోయాడు.

విచారణ జరిగింది. రిపోర్టులో ఒక వాక్యం ఉంది: ఆ కూలీ అనుమతి లేకుండా లోపలికి ప్రవేశించాడు. అది అక్షరాలా నిజం. అతన్ని దిగమని ఎవరూ చెప్పలేదు. ఆ వాక్యం కింద నా సంతకం ఉంది. తాడు లేదన్న సంగతి ఆ రిపోర్టులో లేదు. దీపం సంగతి మాత్రం 'గాలి పరీక్షించబడింది' అని ఉంది. పెద్దాయన నా ముఖం వైపు చూశాడు గాని ఏమీ అనలేదు. కుటుంబానికి ఎంతో కొంత పరిహారం కాంట్రాక్టరు ద్వారా ముట్టిందన్నారు. బతికిన హెల్పరు ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు సర్వీసు చేసి పించను పుచ్చుకున్నాడు. ఆయన భార్య ఇప్పుడు ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటూ ప్రతి ఏడూ మన సర్వసభ్య సమావేశానికి వస్తుంది. రెండో మనిషి తాలూకు వాళ్ళు రావడానికి మన దగ్గర ఏ జాబితాలోనూ అతను లేడు.

ఆ తర్వాత నేను తాడు లేకుండా ఎవరినీ దింపలేదు. కొందరు నన్ను వెనకాల 'తాళ్ళ దొర' అనేవారట. అనుకోనివ్వండి.

మనిషికి బదులు యంత్రాన్ని పంపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. టర్బైను బ్లేడ్లు చూడటానికి బోరోస్కోపు మా కాలంలోనే ఉంది. గొట్టాల్లో పాకే కెమెరా బండ్లు తర్వాత వచ్చాయి. అయితే అవన్నీ నేలను, గోడను పట్టుకుని పోయేవి. గాలిలో ఎగిరేది మూసిన చోటికి రావడానికి జపానులో జరిగిన ఘోరం ఒక పెద్ద కారణం. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా అణు కేంద్రం పాడైనప్పుడు, మరుసటి నెలలో అమెరికా నుంచి తెచ్చిన టి-హాక్ అనే ఎగిరే యంత్రంతో పైనుంచి ఫోటోలు తీశారు. చక్రాల రోబోలను భవనాల్లోకి పంపారు. ఎగిరేవి మాత్రం లోపలికి పోలేకపోయాయి. గోడ తగిలితే పడిపోతాయి.

అది చూసి స్విట్జర్లాండులో లొసాన్ నగరంలోని యువ ఇంజనీర్లు ఈగల గురించి ఆలోచించారు. ఈగ కిటికీ అద్దానికి గుద్దుకున్నా పడిపోదు, సర్దుకుని మళ్ళీ ఎగురుతుంది. వాళ్ళు డ్రోన్ చుట్టూ తేలికైన పంజరం కట్టి, ఆ పంజరం తనంతట తాను తిరిగేటట్టు అమర్చారు. గోడకు తగిలితే పంజరం దొర్లుతుంది, లోపలి యంత్రం నిటారుగానే ఉంటుంది. ఆ యంత్రానికి 2015 ఫిబ్రవరిలో దుబాయిలో పది లక్షల డాలర్ల బహుమతి వచ్చింది. 2016లో 'ఎలియోస్' అన్న పేరుతో పారిశ్రామిక తనిఖీలకు అమ్మకానికి పెట్టారు. వాళ్ళ కంపెనీ పేరు ఫ్లైయబిలిటీ. 2022 నాటికి లేజరుతో చుట్టూ కొలిచి లోపలి ఆకారాన్ని పటంగా గీసే రకం కూడా వచ్చింది. ఇక ఫుకుషిమాలోనే, 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో, ఒకటో రియాక్టరు కవచం లోపలికి 185 గ్రాముల బరువున్న బుల్లి డ్రోన్లను పంపి ఫోటోలు తీశారు. పదమూడేళ్ళు మనిషి అడుగుపెట్టలేని చోటది.

ఇదంతా ఎస్.ఇ. గారు నాకు లిఫ్టులోను, దిగాక టీ తాగుతూను చెప్పిన దానికి నేను తర్వాత చదివి కలుపుకున్నది. బర్నరు ఫ్లోరు మ్యాన్‌హోల్ దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇద్దరికీ పాతికేళ్ళు దాటవు. పెట్టెలోంచి పుచ్చకాయంత పంజరం తీశారు. దానికి ముందు దీపాలు, కెమెరా. నాలుగు చిన్న పంకాలు రొద చేశాయి, అది మ్యాన్‌హోల్‌లోంచి లోపలికి పోయింది. మేము బయట టీవీ తెర ముందు నిలబడ్డాం.

నా జీవితంలో ఎన్నిసార్లు ఆ ఫర్నేసులోకి వెళ్ళానో లెక్కలేదు. కాని ప్లాటెన్ల అడుగు భాగాన్ని, పరంజా లేకముందు, క్లింకరు రాలకముందు, అంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. మూడో ప్లాటెను కొసన సుమారు సైకిలంత క్లింకరు ముక్క ఒక్క అంచు మీద వేలాడుతోంది. తెర మీద అది నెమ్మదిగా తిరుగుతుంటే నా వీపు చల్లబడింది. దాని కిందనే మ్యాన్‌హోల్. మా రోజుల్లో మొదటి గొట్టం నిలబెట్టే మనిషి నిలబడేది అక్కడే. ఎస్.ఇ. గారు వెంటనే లోపలికి ఎవరినీ పంపవద్దని రాయించి, ముందు దాన్ని బయటినుంచి పొడిచి రాల్చే ఏర్పాటు చెప్పాడు. డ్రోన్ వల్ల ఎన్ని గంటలు మిగిలాయి, ఎన్ని లక్షలు మిగిలాయి అని తర్వాత ఒక కాగితం చూపించారు. నేను దాన్ని సరిగ్గా చదవలేదు. నాకు ఆ ముక్క చాలు.

అయితే కొత్తదంటే చాలు చేతులు జోడించే అలవాటు నాకు లేదు. కొన్ని ప్రశ్నలు వేశాను. ఉపగ్రహాల సంకేతం ఇనుప గోడల మధ్యకు రాదు గనుక నడిపేవాడి నేర్పే దానికి ఆధారం. బ్యాటరీ పది నిమిషాలకే మారుస్తున్నారు. దాని పంకాల గాలికి బూడిద లేచి తెర తెల్లబడుతుంది, అప్పుడు ఆగి చూస్తూ ఉండటమే. ఇ.ఎస్.పి. ప్లేట్ల మధ్య ఒక అడుగు సందు కూడా ఉండదు, అక్కడికి ఈ పంజరం పోదు. "మరి డ్రమ్ములోకో?" అని అడిగాను. కుర్రవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పంజరం నలభై సెంటీమీటర్లు, మ్యాన్‌హోల్ వెడల్పు ముప్పై. మా పెద్ద అధికారి సగమైనా దూరారు, ఇది అంత కూడా దూరదు అనుకుని నాలో నేను నవ్వుకున్నాను. నడుస్తున్న బాయిలరులోకి ఎలాగూ పంపలేరు. 2017 నవంబరు 1న ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్‌లో 500 మెగావాట్ల బాయిలరు దగ్గర నలభై మందికి పైగా చనిపోయినప్పుడు అది నడుస్తున్న బాయిలరే. కింద బూడిద గడ్డలను తొలగించే పనిలో మనుషులు దగ్గరగా ఉన్నారు. అక్కడ ఈ పిట్ట చేయగలిగింది ఏమీ లేదు.

ఇంకొకటి అడిగాను. నోస్ వంపు వెనక ఒక ట్యూబు నున్నగా మెరుస్తూ తెర మీద కనబడింది. "అది అరుగుదలా, నీళ్ళతో కడిగిన మెరుపా?" పైలట్ కుర్రవాడు దగ్గరగా తీసుకువెళ్ళాడు, వెలుతురు అటూ ఇటూ మార్చాడు, తేలలేదు. మందం కొలిచే పరికరం మోసే డ్రోన్లు ఈమధ్య వచ్చాయి గాని అది వీళ్ళ దగ్గర లేదు. "రేపు అక్కడికి మాత్రం పరంజా వేసి మేస్త్రీని పంపి చేత్తో చూపిస్తాం సార్" అన్నాడు ఎస్.ఇ. అదీ నాకు నచ్చింది. ఫర్నేసంతా కాదు, ఆ ఒక్క చోటికి. ఆ మేస్త్రీ అరచెయ్యి ఎలా ఉందో చూడాలనిపించింది గాని, ఇప్పుడు అందరూ గ్లౌజులు వేసుకుంటున్నారు.

భోజనాల తర్వాత ఒక కోరిక కోరాను. బంకరులోకి కూడా ఒకసారి పంపగలరా అని. ఎందుకని ఎస్.ఇ. అడగలేదు, ఆయనకు తెలుసు. ట్రిప్పరు ఫ్లోరుకు వెళ్ళాం. మ్యాన్‌హోల్ దగ్గర గ్యాసు మీటరు కింద పెట్టి ఉంది, అంకెలు చూశాను. డ్రోన్ దిగింది. గోడకు అంటుకున్న బొగ్గు, కొత్తగా మార్చిన పలకలు, కింద ఫీడరు నోరు. ముప్ఫై ఎనిమిదేళ్ళు నాకు కలలోకి వచ్చిన చోటు తెర మీద రెండు జానల్లో కనబడింది. చాలా చిన్నదిగా ఉంది. నేను ఇంకా లోతనుకున్నాను. కుర్రవాడు పడిన చోటికీ, హెల్పరు పడిన చోటికీ మధ్య నాలుగడుగులు ఉంటాయేమో.

మ్యాన్‌హోల్ పక్కన ఒక కాంట్రాక్టు మనిషి రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రతి ఎంట్రీ రాయడం అతని పని. చూపించమన్నాను. తేదీ, వేళ, గాలి పరీక్ష అంకెలు, బయట కాపలా ఉన్నవాడి పేరు, అంటే అతని పేరే, పూర్తిగా తండ్రి పేరుతో సహా ఉంది. లోపలికి ప్రవేశించినవారు అన్న గడిలో 'ఎవరూ లేరు' అని రాసి ఉంది.

ఇంటికి వచ్చాక కార్యదర్శి గారికి ఈ వ్యాసం ఒప్పుకున్నాను. ఒక మనవి కూడా ఉంది. 1986లో పోయిన ఆ కుర్రవాడి పేరు కాంట్రాక్టరు మస్టరులో తప్పుగా పడిందని అప్పట్లోనే అన్నారు. ఆ ఊరికి నేను రెండుసార్లు వెళ్ళాను. కుటుంబం వలస పోయిందన్నారు గాని ఎక్కడికో ఎవరూ చెప్పలేకపోయారు. మా స్టేషనులో ఆ కాలంలో పనిచేసినవారికి ఇది ఏ సంఘటనో ఈపాటికి అర్థమై ఉంటుంది. వారి జాడ తెలిసినవారు సంఘం కార్యాలయానికి ఒక కార్డు ముక్కయినా రాయండి. ఆ రిపోర్టులోని వాక్యం తప్పు కాకపోయినా సరైనది కాదని, అతను తోటివాణ్ణి తీసుకురావడానికి దిగాడని, తాడు ఇవ్వవలసింది నేనని రాసి సంతకం చేసిన కాగితం ఒకటి నా దగ్గర ఉంది. వారికి ఇవ్వాలి.